కడలి ఒడ్డున... ఏ కెమేరా?

జేబులో ఫోను ఉంది. అయినా మనసు 'మంచి కెమేరా' కావాలంటోంది. దుకాణానికి వెళ్తే మెగాపిక్సెళ్లు, జూమ్‌లు, మిర్రర్‌లెస్‌లు అంటూ తల తిరిగేలా చెబుతారు. కళింగపట్నం లాంటి సముద్రపుటూళ్లో ఉంటూ సరదాగా ఫొటోలు తీసుకునేవారికి నిజంగా కావాల్సిందేంటి? ఎంత పెడితే చాలు? ఎక్కడ డబ్బు వృథా అవుతుంది?

వంశధార వచ్చి సముద్రంలో కలిసే చోటు. ఒడ్డున లైట్‌హౌస్. ఇసుక మీద తెప్పలు. జూన్‌లో అయితే ఐదుంబావు దాటగానే, జనవరిలో అయితే ఆరున్నర ప్రాంతంలో నీళ్లలోంచి పైకొచ్చే సూర్యుడు... శ్రీకాకుళం జిల్లా గార మండలంలోని కళింగపట్నానికి జనం ఎందుకొస్తారో వేరే చెప్పనక్కర్లేదు. వచ్చినవాళ్లు ఫొటోలు తీయకుండా వెళ్లరు. తీరా ఇంటికెళ్లి చూసుకుంటే... కొన్నిట్లో సూర్యుడు తెల్లటి మచ్చ. కొన్నిట్లో మనుషులు నల్లటి బొమ్మలు. దూరాన ఎగిరిన పక్షి అయితే, అది పక్షో లెన్సు మీద దుమ్మో తేల్చడం కష్టం!

అదిగో, అప్పుడు పుడుతుంది కోరిక... 'ఈసారి ఎలాగైనా మంచి కెమేరా కొనాలి' అని.

కొనడం పెద్ద పని కాదు, డబ్బులుంటే. కానీ చాలామందికి అది చీటీ పాడిన డబ్బు, లేదా ఏడాదంతా కూడబెట్టిన డబ్బు. లెన్సుతో సహా కొత్త కెమేరా అంటే అర లక్ష రూపాయలకు అటూ ఇటూగా మొదలై లక్షల్లోకి పోతుంది. తీరా కొన్నాక 'ఫోనులోనే బాగా వస్తున్నాయి' అని ఇంట్లోవాళ్లు దెప్పితే? రెండు వర్షాకాలాలు గడిచేసరికి లెన్సులో బూజు పడితే? అందుకే డబ్బు తీసే ముందు కొన్ని లెక్కలు వేసుకోవాలి. అవి దుకాణంలో వేసుకునేవి కావు, ఇంట్లో కూర్చుని వేసుకోవాల్సినవి.

ఫోను చాలదా?

నిజాయతీగా చెప్పాలంటే, చాలా వాటికి చాలు. పిల్లల పుట్టినరోజు, ఒడ్డున కుటుంబమంతా కలిసి దిగే ఫొటో, మొక్కజొన్న పొత్తు తింటూ ఓ సెల్ఫీ... వీటికి ఫోనే మేలు. ఇప్పటి ఫోన్లు మీటిన ఒక్క క్షణంలో అనేక ఫొటోలు తీసి, వాటిని కలిపి, వెలుగునీ చీకటినీ సర్ది ఒక్క బొమ్మగా చేతికిస్తాయి. ఆ తెలివి చాలా కెమేరాలకు ఇప్పటికీ లేదు.

మరి ఫోను ఎక్కడ చేతులెత్తేస్తుంది? నాలుగు చోట్ల. ఒకటి, దూరంగా ఉన్న వాటి దగ్గర. తేలినీలాపురం చెట్ల మీద గూళ్లు కట్టుకునే పెలికన్లు, పెయింటెడ్ స్టార్క్‌లే ఉదాహరణ. రెండు, వేగంగా కదిలే వాటి దగ్గర. అలను చీల్చుకుంటూ లోపలికెళ్లే తెప్ప, నీళ్ల మీద దూకే పక్షి. మూడు, వెలుతురు తక్కువైనప్పుడు. సూర్యుడు రావడానికి అరగంట ముందు వల సర్దుకునే మత్స్యకారుల ముఖాలు ఫోన్లో అలికినట్టు వస్తాయి. నాలుగు, గోడకు పెట్టుకునేంత పెద్ద ప్రింటు వేసినప్పుడు. ఫోను తెర మీద ముచ్చటగా ఉన్నది రెండడుగుల ప్రింటులో తేలిపోతుంది.

ఈ నాలుగింట్లో ఏ ఒక్కటీ మీ అవసరం కాదనుకుంటే, ఇక్కడితో చదవడం ఆపేసి ఆ డబ్బు బ్యాంకులో వేసుకోవచ్చు! ఒకటో రెండో మీవే అనిపిస్తే మాత్రం ముందుకు వెళ్దాం.

మెగాపిక్సెళ్ల మాయ

1975 డిసెంబరులో కొడాక్ సంస్థలో స్టీవ్ శాసన్ అనే యువ ఇంజినీరు తొలి డిజిటల్ కెమేరాను పనిచేయించాడు. బరువు దాదాపు మూడున్నర కిలోలు. ఒక్క నలుపు తెలుపు బొమ్మను క్యాసెట్ టేపు మీద రాయడానికి 23 సెకన్లు పట్టేది. ఆ బొమ్మ 100 అడ్డం, 100 నిలువు చుక్కలు. అంటే 0.01 మెగాపిక్సెల్! అక్కడి నుంచి ఇప్పటి 50, 108, 200 మెగాపిక్సెళ్ల ఫోన్ల దాకా వచ్చాం. దాంతో 'అంకె ఎంత పెద్దదైతే ఫొటో అంత గొప్పది' అన్న నమ్మకం పాతుకుపోయింది.

ఓ చిన్న లెక్క. 8 అంగుళాలు, 10 అంగుళాల ప్రింటును అంగుళానికి 300 చుక్కల చొప్పున వేస్తే కావాల్సింది 7.2 మెగాపిక్సెళ్లు. 12, 18 అంగుళాల పెద్ద ప్రింటుకైనా 19.4 చాలు. ఇప్పుడు వస్తున్న మామూలు కెమేరాల్లోనే 20 నుంచి 24 దాకా ఉంటున్నాయి. అంటే హాబీగా తీసేవారికి ఆ లెక్క ఎప్పుడో తీరిపోయింది.

అసలు చూడాల్సింది సెన్సర్ సైజు. వెలుతురును పట్టే పలక అది. పొలంతో పోల్చుకుంటే సులువుగా అర్థమవుతుంది. మెగాపిక్సెళ్లు నారు మొక్కలైతే, సెన్సర్ మడి. చిన్న మడిలో కిక్కిరిసి నాటితే మొక్కలైతే ఎక్కువుంటాయి, వెన్ను మాత్రం చిన్నదవుతుంది. చవక ఫోన్లలో, చిన్న కెమేరాల్లో కనిపించే 1/2.3 అంగుళాల తరగతి సెన్సర్ వైశాల్యం సుమారు 28 చదరపు మిల్లీమీటర్లు. కొన్ని ఖరీదైన ఫోన్లలో వచ్చిన అంగుళం తరగతిది 116. 'ఏపీఎస్-సి' అనే మధ్యతరగతి కెమేరా సెన్సర్‌ది 330 నుంచి 370. పాతకాలం ఫిల్ము ముక్కంత ఉండే ఫుల్‌ఫ్రేమ్‌ది 864. తెల్లవారుజాము మసక వెలుతుర్లో తేడా కనిపించేది ఇందుకే.

జూమ్ అంకెతోనూ ఇదే పేచీ. నికాన్ కూల్‌పిక్స్ పి1000 అని 2018లో ఓ కెమేరా వచ్చింది. 125 రెట్ల జూమ్! చందమామ మీద గుంటలు కూడా దగ్గరగా కనిపిస్తాయి. పక్షుల ఫొటోలు తీసేవారికి నోరూరించే అంకె. అయితే దాని లోపలున్నది ఆ 28 చదరపు మిల్లీమీటర్ల చిన్న సెన్సరే. పూర్తిగా జూమ్ చేస్తే లెన్సు లోపలికి వచ్చే వెలుతురూ బాగా తగ్గిపోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో దూరపు పక్షిని గుర్తుపట్టడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. పొద్దున్నే మంచులో రెక్క విప్పిన పెలికన్‌కు మాత్రం కాదు. ఏది కావాలో తెలిసి కొంటే తప్పేం లేదు.

అద్దం పోయింది... అయితేనేం?

పదిహేనేళ్ల కిందట 'మంచి కెమేరా' అంటే డీఎస్ఎల్ఆర్. లోపల ఓ అద్దం ఉంటుంది. లెన్సులోంచి వచ్చిన వెలుతురును అది పైకి, మన కంటికి పంపిస్తుంది. బటన్ నొక్కగానే అద్దం టక్కున లేచి సెన్సర్‌కు దారిస్తుంది. 2003లో వచ్చిన కెనాన్ 300డి, ఆ మరుసటి ఏడాది వచ్చిన నికాన్ డి70 ఇలాంటి కెమేరాలను మామూలు జనం చేతికి తెచ్చాయి.

2008లో పానాసోనిక్ జి1తో ఆ అద్దాన్ని తీసేసిన కెమేరాలు మొదలయ్యాయి. అవే మిర్రర్‌లెస్. తేలిక. వ్యూఫైండర్‌లో కనిపించేది ఓ చిన్న తెర కాబట్టి, ఫొటో ఎలా రాబోతోందో తీయకముందే తెలుస్తుంది. కొత్తవాటిలో మనిషి కన్నునీ, పక్షి కన్నునీ కెమేరానే వెతికి పట్టుకుంటుంది. 2018లో కెనాన్, నికాన్ సంస్థలు ఆర్ఎఫ్, జడ్ అనే కొత్త లెన్సు అమరికలు తెచ్చాక వాటి దృష్టంతా ఇటే మళ్లింది. 2020లో వచ్చిన కెనాన్ 1డిఎక్స్ మార్క్ 3, నికాన్ డి6 తర్వాత ఆ రెండు సంస్థల నుంచీ అంతకు మించిన డీఎస్ఎల్ఆర్ రాలేదు.

కాబట్టి కొత్తగా కొనేవారు మిర్రర్‌లెస్ వైపు వెళ్లడమే మంచిది. రేపు లెన్సులు కొనుక్కోవాలన్నా, అమ్ముకోవాలన్నా దారి అటే ఉంది. అయితే పాత డీఎస్ఎల్ఆర్ పనికిరాదని కాదు. సముద్రానికి, గుడి గోపురానికి, మనిషి ముఖానికి అద్దం ఉందో లేదో తెలీదు! బడ్జెట్ బాగా తక్కువైతే, బాగా చూసుకున్న సెకండ్‌హ్యాండ్ డీఎస్ఎల్ఆర్‌తో నేర్చుకోవడం మొదలుపెట్టొచ్చు.

ఇంట్లో పాత లెన్సులుంటే మరో సంగతి. కెనాన్ వాళ్ల పాత ఈఎఫ్ లెన్సులు అడాప్టర్ పెడితే కొత్త ఆర్ శ్రేణి కెమేరాల మీద చక్కగా పనిచేస్తాయి. నికాన్‌లో ఏఎఫ్-ఎస్ అని రాసున్నవి ఎఫ్‌టీజడ్ అడాప్టర్‌తో ఫోకస్ చేస్తాయి. అంతకంటే పాత, లోపల మోటారు లేని ఏఎఫ్-డి రకం లెన్సులను మాత్రం చేత్తో తిప్పి ఫోకస్ చేసుకోవాల్సిందే. 'నాన్నగారి లెన్సు ఉంది కదా' అని అదే కంపెనీ కెమేరా కొనేముందు ఈ ఒక్క విషయం చూసుకోవాలి.

ఎండలో తెర కనిపిస్తుందా?

మొదలుపెట్టేవారి కోసం వచ్చిన మిర్రర్‌లెస్‌లలో కెనాన్ ఆర్100, ఆర్50 (రెండూ 2023), ఆర్10 (2022), నికాన్ జడ్30 (2022), జడ్50-2 (2024), సోనీ ఏ6400 (2019), జడ్‌వీ-ఈ10 (2021) పేర్లు తరచూ వినిపిస్తాయి. అన్నీ ఏపీఎస్-సి సెన్సర్‌వే. బొమ్మ నాణ్యతలో వీటి మధ్య తేడా మనం భయపడేంత ఉండదు. తేడా అంతా వాడుకలోనే.

ఉదాహరణకు జడ్30కి, జడ్‌వీ-ఈ10కి కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ లేదు. వీడియోలు తీసుకునేవారిని దృష్టిలో పెట్టుకుని చేసినవి అవి. ఇంట్లో, ఊళ్లో ఇబ్బంది లేదు. కళింగపట్నం ఇసుక మీద ఉదయం తొమ్మిది దాటాక వెనకాల తెర మీద ఏముందో చూడాలంటే మాత్రం చేయి అడ్డం పెట్టుకోవాల్సిందే! సముద్ర తీరంలో తిరిగేవారికి వ్యూఫైండర్ విలాసం కాదు, అవసరం. ఆర్100 ధరలో తక్కువే కానీ, దాని తెర వంగదు, వేలితో తాకితే పనిచేయదు. నేల మీదికి వంగి తెప్ప కింద నుంచి ఫొటో తీయాలనుకున్నప్పుడు ఆ లోటు తెలుస్తుంది.

చేయి వణికినా ఫొటో చెదరకుండా సెన్సర్‌నే కదిలించే ఏర్పాటు పైన చెప్పిన వాటిలో లేదు. అది కావాలంటే కెనాన్ ఆర్7, సోనీ ఏ6700, ఫ్యూజీఫిల్మ్ ఎక్స్-ఎస్20 లాంటి ఓ మెట్టు పైవాటికి వెళ్లాలి. డబ్బూ మెట్టు ఎక్కుతుంది. చాలా లెన్సుల్లో అలాంటి ఏర్పాటు విడిగా ఉంటుంది కాబట్టి, ఒక్క దీని కోసమే అప్పు చేయాల్సిన పనిలేదు.

అసలు పెట్టుబడి లెన్సే

కెమేరా నాలుగైదేళ్లకు పాతబడుతుంది. మంచి లెన్సు ఇరవై ఏళ్లు నడుస్తుంది. అయినా కొనేటప్పుడు డబ్బంతా కెమేరాకే పెట్టేసి, లెన్సు దగ్గరకొచ్చేసరికి 'కిట్‌లో వచ్చింది చాలు' అనుకునేవారే ఎక్కువ. లెక్క తిరగేయాలి. ముందు 'నేను తీసేవేంటి' అని కాగితం మీద రాసుకోవాలి. దాన్ని బట్టి లెన్సు, ఆ లెన్సుకు తగ్గ కెమేరా.

శ్రీకాకుళం జిల్లానే తీసుకోండి. సముద్రం, వంశధార మలుపు, కొండ మీద నుంచి నదిని చూసే శాలిహుండం బౌద్ధ స్తూపాలు... వీటికి కెమేరాతో వచ్చే 18-55 తరహా కిట్ లెన్సు సరిపోతుంది. దాన్ని చులకనగా చూడొద్దు. పగటి వెలుతుర్లో అది తీసే ఫొటోకీ, దానికి నాలుగింతల ఖరీదైన లెన్సు ఫొటోకీ తేడా కనిపెట్టడం మామూలు కంటికి కష్టం.

పొందూరు ఖాదీ నేసే మగ్గం దగ్గర, ఇంట్లో దీపం వెలుగులో అమ్మమ్మ ముఖం తీయాలంటే వెలుతురును ఎక్కువగా తీసుకునే లెన్సు కావాలి. 50 ఎంఎం ఎఫ్/1.8 అనేది దీనికి చవకైన జవాబు. దాదాపు అన్ని కంపెనీల్లోనూ ఇలాంటిది ఉంది. కిట్ లెన్సు అదే దూరంలో ఎఫ్/5.6 దగ్గర ఆగిపోతే, ఇది దాదాపు పది రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికి రానిస్తుంది. ఫ్లాష్ అక్కర్లేదు. వెనక ఉన్నవన్నీ మసకబారి ముఖం మాత్రం తేలుతుంది. హాబీ మొదలుపెట్టిన వారి ఫొటోల్లో ఒక్కసారిగా మార్పు తెచ్చేది సాధారణంగా ఈ చిన్న లెన్సే.

ఇక తేలినీలాపురం. ఇక్కడ 55 దగ్గర ఆగే లెన్సుతో చెట్టు వస్తుంది, పక్షి రాదు. కనీసం 300 ఎంఎం కావాలి. ఏపీఎస్-సి కెమేరా మీద అది 450 నుంచి 480 ఎంఎంతో సమానమవుతుంది. ఎగిరే పక్షికి షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతు, అంతకంటే ఎక్కువ పెట్టుకోవాలి. ఇలాంటి లెన్సు కొనే ముందు విశాఖ లాంటి నగరాల్లో అద్దెకు దొరుకుతుందేమో విచారించడం మేలు. రెండు రోజులు వాడి చూస్తే, ఆ బరువు మోయగలమో లేదో భుజమే చెబుతుంది! అన్నట్టు, గూళ్ల దగ్గరకు వెళ్లడం, ఎగిరేలా చప్పుడు చేయడం, రాళ్లు విసరడం ఫొటోగ్రఫీ కాదు. ఆ ఊరివాళ్లు వాటిని ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు. మనమూ అలాగే ఉండాలి. ఏటా తొలి నెలల్లో తీరానికొచ్చి గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్ల దగ్గర ఫ్లాష్ అసలు వాడకూడదు. వెలుగును చూసి అవి దారి తప్పుతాయి.

సెకండ్‌హ్యాండ్ అయితే...

పాత కెమేరా కొనడం నామోషీ కాదు. కానీ పాత స్కూటర్ కొన్నప్పుడు ఎంత చూస్తామో అంతా చూడాలి. మొదటిది షట్టర్ కౌంట్. ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీసిందన్న లెక్క అది. మొదలుపెట్టేవారి కోసం చేసిన డీఎస్ఎల్ఆర్‌లలో చాలావాటి షట్టర్‌ను లక్ష ఫొటోలకు పరీక్షించామని కంపెనీలు చెప్పాయి. పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ చేతిలో అది రెండు మూడు సీజన్ల పని. ఇంట్లో వాడినదైతే పదేళ్లకూ సగం దాటకపోవచ్చు.

రెండోది, లెన్సు. వెనక నుంచి టార్చి వేసి చూడండి. సాలెగూడులా తెల్లటి పోగులు కనిపిస్తే అది బూజు. ఎంత చవకైనా వద్దు. పక్కనున్న మంచి లెన్సులు పెట్టే పెట్టెలోకి దాన్ని చేర్చడం కూడా మంచిది కాదు. మూడోది, ఆకాశం ఫొటో. ఎఫ్/16 పెట్టి నీలాకాశాన్ని తీసి పెద్దదిగా చేసి చూస్తే సెన్సర్ మీద మరకలు చుక్కలుగా బయటపడతాయి. నాలుగోది, మన తీరప్రాంతానికే ప్రత్యేకం. బ్యాటరీ పెట్టే చోట రాగిరేకుల మీద పచ్చటి పొర, మరల మీద తుప్పు ఉంటే అది ఉప్పునీరు తాగిన కెమేరా. మాట మారుస్తారేమో కానీ, తుప్పు అబద్ధం చెప్పదు. చివరగా అసలు బిల్లు, కెమేరా మీది సీరియల్ నంబరు సరిపోలాలి.

కొత్తది కొన్నా బిల్లు సంగతి మరవొద్దు. డిజిటల్ కెమేరాల మీద జీఎస్‌టీని 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించింది 2019 జనవరి నుంచి. 'బిల్లు వద్దంటే ఇంకాస్త తగ్గిస్తాం' అన్నచోట ఆ సరుకు వేరే దేశం కోసం వచ్చినదై ఉండొచ్చు. రేపు పాడైతే ఇక్కడ వారంటీ ఉండదు. కొనేముందే మనకు దగ్గర్లోని సర్వీస్ సెంటర్ ఎక్కడుందో అడిగి, చిరునామా రాసుకుంటే ఇంకా మంచిది.

ఉప్పుగాలే అసలు శత్రువు

హైదరాబాద్‌లో కెమేరా కొన్నవారికీ, కళింగపట్నంలో కొన్నవారికీ ఇక్కడే తేడా. సముద్రం మీది గాలిలో కంటికి కనిపించని ఉప్పు తుంపరలుంటాయి. అవి లోహాన్ని తింటాయి. లెన్సు మీద పొరలా పేరుకుంటాయి. దానికి తోడు ఏడాదిలో ఎక్కువ నెలలు తేమ. అందుకే కెమేరా బడ్జెట్‌లోనే కొంత దాని రక్షణకు పక్కన పెట్టాలి.

పెద్ద ఖర్చేం కాదు. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికాజెల్ పొట్లాలు, తేమ చూపించే చిన్న మీటరు. లోపల తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకుంటే బూజు భయం తగ్గుతుంది. సిలికాజెల్ రంగు మారితే ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. లెన్సును తోలు సంచీలోనో, బీరువాలో బట్టల మధ్యనో నెలల తరబడి దాచడం కంటే పెద్ద తప్పు లేదు. 'వాడితే పాడవుతుందేమో' అని దాస్తే, దాచడం వల్లే పాడవుతుంది!

ఒడ్డున లెన్సు మార్చకూడదు. ఇసుక రేణువు ఒక్కటి లోపలికెళ్తే చాలు. ఇంటికి రాగానే మంచినీళ్లతో తడిపి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో కెమేరా పైభాగం తుడిచి, ఆరిన గుడ్డతో మళ్లీ తుడవాలి. ముందు గాలి ఊదే రబ్బరు బుడగతో ఇసుక వదిలించాకే లెన్సు జోలికి వెళ్లాలి. లేదంటే ఇసుకతో అద్దాన్ని రుద్దినట్టే. తిపాయి కాళ్లను కూడా మంచినీళ్లతో కడగాలి. ఏసీ గదిలోంచి తీసుకొచ్చిన కెమేరాను ఒక్కసారిగా తీరం గాలిలో బయటకు తీస్తే అద్దాలకు చెమట పడుతుంది. సంచీలోనే కాసేపు ఉంచి తీస్తే సరి.

మరో మాట. జూమ్ లెన్సు పెట్టిన డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్‌లోంచి సూర్యుణ్ని నేరుగా చూడకూడదు. భూతద్దంలోంచి చూసినట్టే. కంటికి శాశ్వతంగా నష్టం జరగొచ్చు. ఫొటో కోసం వెనక్కి అడుగులేస్తూ అలలోకి వెళ్లడం అంతకంటే ప్రమాదం. నది, సముద్రం కలిసే చోట ప్రవాహం ఎటు లాగుతుందో ఊరివాళ్లకే తెలుసు. వాళ్ల మాట వినాలి. అలాగే వల లాగుతున్నవారి ముఖాల మీద కెమేరా పెట్టేముందు ఒక్కసారి 'తీసుకోవచ్చా?' అని అడగడం మర్యాద. తర్వాతోసారి వెళ్లినప్పుడు ఓ ప్రింటు చేతిలో పెడితే, ఇక ఆ తీరంలో మీరు పరాయివారు కాదు.

పది నిమిషాల పరీక్ష

దుకాణానికి వెళ్లినప్పుడు మొహమాటం వద్దు. కెమేరాను చేతిలోకి తీసుకుని చిటికెనవేలు కింద వేలాడుతోందా, పట్టులో ఇముడుతోందా చూడాలి. కళ్లజోడు ఉంటే దానితోనే వ్యూఫైండర్‌లో చూడాలి. తెర చూడకుండా వేగం, అపర్చర్ మార్చగలరా? బజారులో వెళ్లే ఆటోను ఫోకస్ చేసి వరసగా పది తీస్తే ఎన్ని స్పష్టంగా వచ్చాయి? దుకాణం మూల చీకట్లో ఒకటి తీసి చూడండి. ఈ పది నిమిషాలు, ఇంటర్నెట్‌లో పది రోజులు చదివిన దానికంటే ఎక్కువ చెబుతాయి.

మెనూలో 'రా' అనే ఫైలు పద్ధతి ఉందేమో చూడండి. మామూలు జేపీజీ ఫైలు ఒక్కో రంగును 256 మెట్లుగా విడగొడితే, 14 బిట్ల 'రా' ఫైలు 16,384 మెట్లుగా దాచుకుంటుంది. సూర్యోదయం ఫొటోలో చీకటి పడ్డ తెప్పలోంచి తర్వాత రంగును బయటికి లాగాలంటే ఆ మెట్లే ఆధారం. సూర్యుణ్ని తెల్లగా మాడిపోకుండా కాస్త తక్కువ వెలుతురుతో తీసి, నీడల్ని ఇంటికొచ్చాక సర్దుకోవచ్చు.

బడ్జెట్‌ను నూరు రూపాయలనుకుంటే కెమేరాకు, కిట్ లెన్సుకు 65 రూపాయలు. రెండో లెన్సుకు 20. అదనపు బ్యాటరీ, మెమొరీ కార్డు, డబ్బా, గుడ్డ, ఓ మోస్తరు తిపాయికి 15. పక్షులే మీ లోకమైతే కెమేరా వాటాలోంచి కొంత లెన్సుకు మార్చుకోవాలి. అంతేకానీ నూటికి నూరూ కెమేరాకే పెట్టేస్తే, మిగిలేది మెడలో బరువే.

ఎందుకు తీయాలంటే...

ఇంత ఖర్చు ఎందుకని ఇంట్లో అడిగితే చెప్పడానికి ఓ జవాబుంది. 1885లో ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయిన రాజా దీన్‌దయాళ్ గాజు పలకల మీద తీసిన ఫొటోలే లేకపోతే అప్పటి హైదరాబాద్ ఎలా ఉండేదో మనం ఊహించుకోవాల్సి వచ్చేది. ఆయన పలకలు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో వేల సంఖ్యలో భద్రంగా ఉన్నాయి. చిన్న ఊళ్లకు అలాంటి ఆస్థాన ఫొటోగ్రాఫర్లు ఉండరు. ఆ ఊళ్లో హాబీగా కెమేరా పట్టుకున్న టీచరో, గుమాస్తానో, కాలేజీ కుర్రాడో ఆ పని చేయాలి.

కళింగపట్నం లాంటి చోట ఇది మరీ అవసరం. నదీముఖం ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఇసుక తిన్నె ఓ ఏడు పెరుగుతుంది, ఓ ఏడు కోసుకుపోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరిని, జీడిమామిడిని కూల్చేసింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నానికి ఉత్తరాన సుమారు 20 కిలోమీటర్ల దూరంలో తీరం దాటింది. తుపానుకు ముందు ఆ ఒడ్డు ఎలా ఉండేదో చెప్పేందుకు ఫొటో కంటే మంచి సాక్షి ఏముంది? నెలకోసారి ఒకే చోట నిలబడి, ఒకే లెన్సుతో, ఒకే వైపు ఒక్క ఫొటో తీస్తే చాలు. ఐదేళ్లకు 60 ఫొటోలు. వరసగా పెడితే ఊరి చరిత్రే!

అయితే వాటిని దాచడం మరవొద్దు. ఒక్క కార్డులోనో, ఒక్క కంప్యూటర్‌లోనో ఉన్నవి లేనట్టే లెక్క. మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి మాత్రం వేరే ఊళ్లో. ఏ రాజమండ్రిలోనో ఉన్న చుట్టాల ఇంట్లో ఓ హార్డ్‌డిస్క్ పెట్టినా చాలు. తుపాను వస్తే మన ఇంటికీ వస్తుంది, కంప్యూటర్‌కీ వస్తుంది. రెండు ఊళ్లకూ ఒకేసారి రావడం అరుదు. ఏడాదికి ఓ పది ఫొటోలు ప్రింటు వేయించి ఆల్బమ్‌లో అతికిస్తే ఇంకా మేలు. దానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఛార్జింగూ అక్కర్లేదు!

కొనేది ఏ కంపెనీదైనా మొదటి వెయ్యి ఫొటోలు నేర్చుకోవడానికే. వెయ్యిన్నొకటోది మీది. కాబట్టి కొన్న కెమేరాను బీరువాలో పెట్టకండి. తెల్లారకముందే లేవడం అలవాటు చేసుకోండి. ఆ ఒక్కటీ ఏ దుకాణంలోనూ, ఏ ఆఫర్‌లోనూ దొరకదు మరి!